కులం గడి లేని దరఖాస్తు

కొన్నేళ్ల క్రితం ఒక కుటుంబ ఫౌండేషన్ పేద విద్యార్థులకు ఇచ్చే ఉపకార వేతనాల ఎంపిక సంఘంలో కూర్చోమని నన్ను పిలిచారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి మన నగరాల్లో చాలానే ఉన్నాయి. దరఖాస్తు ఎనిమిది పేజీలుంది. తండ్రి వృత్తి, తల్లి చదువు, కుటుంబ ఆదాయం, సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఈ విద్యార్థేనా - అన్నిటికీ గడులున్నాయి. కులానికి మాత్రం గడి లేదు. ఎందుకు లేదని అడిగాను. అక్కడి అధికారి ఎంతో మర్యాదగా, కాస్త గర్వంగా కూడా, ‘మేం కులం చూడమండీ, అవసరాన్నే చూస్తాం’ అన్నారు.

మధ్యాహ్నం ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. మున్సిపాలిటీలో పారిశుధ్య కార్మికురాలిగా పనిచేసే తల్లి కూతురొకరు వచ్చి కూర్చుంది. సంఘ సభ్యుల్లో ఒక పెద్దాయన వాత్సల్యంగానే మొదలుపెట్టారు: ‘ఇంటిపేరేమిటమ్మా? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?’ తెలుగు నేల మీద పుట్టిన వారికెవరికీ ఈ మూడు ప్రశ్నల అర్థం విప్పి చెప్పనక్కరలేదు. కాగితం మీద లేని గడి ఆ గదిలో నిండిపోయింది. ఆ తర్వాత ఆ అమ్మాయి గొంతు పెగల్లేదు. ‘నాయకత్వ లక్షణాలు’, ‘ఆత్మవిశ్వాసం’ అన్న శీర్షికల కింద ఆమెకు పడిన మార్కులు చాలా తక్కువ. ఆమె మూడేళ్లుగా తమ వాడలో సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతోందని దరఖాస్తు ఏడో పేజీలో రాసి ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. అంతే ఆదాయ ధ్రువపత్రంతో వచ్చిన మరో అబ్బాయి ధారాళంగా మాట్లాడాడు. కరువు వల్ల వాళ్ల కుటుంబం చితికిపోయిన మాట నిజమే. కానీ పట్నంలో మేనమామ నడిపే కోచింగ్ సెంటరు ఉంది, చెప్పుకోవడానికి ఇంటిపేరు ఉంది. జాబితాలో అతని పేరు వచ్చింది, ఆమె పేరు రాలేదు. ఆ అబ్బాయి మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఆ దరఖాస్తు మీద. ఆ గదిలో కూర్చుని ఆ మార్కుల పట్టిక మీద సంతకం చేసిన నా మీద కూడా.

ఆ రోజు నుంచి నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఒకటే: కులం పేరు పలకని దాతృత్వం, కులం దెబ్బతిన్న బిడ్డ దగ్గరికి చేరగలదా? దీనికి జవాబు వెతుకుతూ మన దేశపు ఫౌండేషన్ల వార్షిక నివేదికలు చదివాను. ‘అట్టడుగు’, ‘నిరుపేద’, ‘సేవలందని’, ‘ఆకాంక్షాత్మక’ అన్న మాటలు పుటపుటకూ కనిపించాయి. ‘దళిత’, ‘కులం’, ‘అంటరానితనం’ అన్న మాటల కోసం దుర్భిణీ పెట్టి వెతకాల్సి వచ్చింది. ఇది భాషాపరమైన మొహమాటమని కొందరు సర్దిచెప్పవచ్చు. కాదు. వ్యాధి పేరు చెప్పని వైద్యానికి మందు ఎలా దొరుకుతుంది? పేరు చెబితే ఏం మారుతుందో, చెప్పినా ఏం మారదో తెలుసుకోవడానికి ఒక అమెరికన్ కుటుంబ ఫౌండేషన్ చరిత్ర మనకు పనికొస్తుంది.

మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ పట్టణంలో కెల్లాగ్ సోదరులుండేవారు. అన్న జాన్ హార్వే కెల్లాగ్ పేరుమోసిన వైద్యుడు, పెద్ద ఆరోగ్య నిలయానికి అధిపతి. తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ ఏళ్ల తరబడి అన్న దగ్గరే పనిచేసి, 1906లో సొంతంగా మొక్కజొన్న అటుకుల కంపెనీ పెట్టి సంపన్నుడయ్యాడు. కెల్లాగ్స్ అన్న పేరు మీద హక్కు కోసం అన్నదమ్ములు కోర్టుకు కూడా ఎక్కారు. వారి దానధర్మాలు కూడా చెరో దారి పట్టాయి. అన్న సుజననశాస్త్రాన్ని నమ్మాడు. మనుషుల్లో ఉత్తమ జాతులు, అధమ జాతులు ఉంటాయని, ఉత్తములే పిల్లల్ని కనాలని చెప్పే సిద్ధాంతమది. దాని ప్రచారానికి ‘రేస్ బెటర్‌మెంట్ ఫౌండేషన్’ నడిపాడు. 1914 జనవరిలో దాని మొదటి జాతీయ మహాసభ బ్యాటిల్ క్రీక్‌లోనే జరిగింది. తమ్ముడు 1930లో పిల్లల సంక్షేమం పేరిట మరో ఫౌండేషన్ స్థాపించాడు. అదే నేటి డబ్ల్యూ.కె. కెల్లాగ్ ఫౌండేషన్. తన కంపెనీ వాటాల్లో సుమారు 6.6 కోట్ల డాలర్ల విలువైనవి దానికి రాసిచ్చాడు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే సంస్థ, ఏ బిడ్డనైనా సాకాలనే సంస్థ - రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఇంటి రక్తంలో పుట్టాయి. దానం తనంత తాను పుణ్యకార్యం కాదని, దాని వెనుక ఉన్న సమాజదృష్టే దానికి గుణాన్నిస్తుందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

తమ్ముడి ఫౌండేషన్ తొలి దశలో మిషిగన్‌లోని ఏడు కౌంటీల్లో గ్రామీణ ఆరోగ్యం, బడులు బాగుచేసే పని చేపట్టింది. మంచి పనులే. తర్వాతి దశాబ్దాల్లో నల్లజాతి సంస్థలకు కూడా నిధులిచ్చింది. అయితే జాతివివక్షను వ్యతిరేకించే సంస్థగా తనను తాను మలచుకోవాలని ట్రస్టీల బోర్డు నిర్ణయించింది 2007లోనే. ‘పిల్లలు’, ‘కుటుంబాలు’ అన్న మాటల పక్కన ‘జాతి సమత’ అన్న మాటను పెట్టడానికి డెబ్బై ఏడేళ్లు పట్టిందన్నమాట.

ఎందుకు పెట్టాల్సి వచ్చింది? అమెరికాలో నల్లజాతి శిశువుల మరణాల రేటు తెల్లజాతి శిశువుల రేటుకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఇది పేదరికం ఒక్కటే చేసే పని అయితే, చదువుకున్న, సంపాదిస్తున్న నల్లజాతి తల్లుల విషయంలో ఆ అంతరం మాసిపోవాలి. మాసిపోవడం లేదు. అంటే ఆదాయాన్ని మాత్రమే కొలిచే కొలమానం శిశువు ప్రాణాన్ని కాపాడటానికి చాలదు. ఈ ఎరుక కలిగిన తర్వాత గ్రాంట్ల స్వభావం మారింది. 2010లో ‘అమెరికా హీలింగ్’ పేరుతో అయిదేళ్లకు 7.5 కోట్ల డాలర్లతో జాతివివక్ష గాయాలను మాన్పే కార్యక్రమం మొదలైంది. 2017 జనవరి నుంచి ఏటా అందుకోసం ఒక జాతీయ దినం పాటిస్తున్నారు. దక్షిణాన మిసిసిపి, న్యూ ఆర్లియన్స్, ఆదివాసులు ఎక్కువగా ఉన్న న్యూ మెక్సికో, సరిహద్దు దాటి మెక్సికోలోని మూలవాసుల ప్రాంతాలు, హైతీ - ఇలా ఎక్కడ గాయం లోతుగా ఉందో అక్కడికి నిధులు మళ్లాయి. 2014లో ఆ సంస్థ అధినేతగా ఒక నల్లజాతి మహిళ, లా జూన్ మాంట్‌గోమరీ టాబ్రన్, బాధ్యత చేపట్టారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళా, మొదటి నల్లజాతీయురాలూ ఆమే. తొంభై ఏళ్లు నిండిన 2020లో 9 కోట్ల డాలర్లతో జాతి సమత కోసం ప్రపంచవ్యాప్త పోటీ ప్రకటించారు. అందులో నెగ్గిన వాటిలో బ్రెజిల్ ప్రభుత్వ బడులను జాతివివక్ష లేనివిగా మార్చే ప్రయత్నం ఒకటి.

పేరు పలకడం వల్ల జరిగేది ఇదే. ఏమి లెక్కించాలో మారుతుంది. ఎక్కడికి వెళ్లాలో మారుతుంది. ఎవరు నిర్ణయించాలో కూడా, కొంతవరకైనా, మారుతుంది.

అయితే ఈ కథను హారతి పట్టడానికి చెప్పడం లేదు. పేరు పలికినా పోని చిక్కులు కొన్ని ఉన్నాయి. ఆ ఫౌండేషన్ ఆదాయంలో ప్రధాన భాగం కెల్లాగ్ కంపెనీ వాటాల నుంచి వచ్చింది. 2021 అక్టోబరులో ఆ కంపెనీకి చెందిన నాలుగు ఆహార కర్మాగారాల్లో సుమారు 1,400 మంది కార్మికులు సమ్మెకు దిగారు. పాత కార్మికులకు ఒక జీతం, అదే పని చేసే కొత్తవారికి తక్కువ జీతం అన్న రెండంతస్తుల పద్ధతి వారి ప్రధాన ఫిర్యాదు. సమ్మె చేసినవారి స్థానంలో శాశ్వతంగా కొత్తవారిని తీసుకుంటామని కంపెనీ ప్రకటించే దాకా వెళ్లింది. డిసెంబరులో గాని రాజీ కుదరలేదు. ఒక చేత్తో సమతకు గ్రాంటు, ఆ గ్రాంటుకు నిధులందించే కర్మాగారంలో రెండంతస్తుల జీతం! డబ్బు ఎక్కడికి పోతోందన్నదే కాదు, ఎక్కడి నుంచి వస్తోందన్నది కూడా సామాజిక న్యాయపు ప్రశ్నే.

రెండో చిక్కు ఇంకా పాతది. సియర్స్ రోబక్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌తో కలిసి 1912 నుంచి అమెరికా దక్షిణాది పల్లెల్లో నల్లజాతి పిల్లలకు బడులు కట్టించాడు. 1932 నాటికి వాటి సంఖ్య దాదాపు 5,000. ఆ మహత్కార్యాన్ని తక్కువ చేయలేం. కానీ లెక్క చూడండి: మొత్తం ఖర్చు సుమారు 2.84 కోట్ల డాలర్లలో రోజెన్‌వాల్డ్ ఇచ్చింది 43 లక్షలు. అదే పనికి కూలి చేసుకునే, కౌలు చేసుకునే నల్లజాతి జనం చందాలుగా వేసుకున్నది 47 లక్షలు. మిగిలినదాంట్లో అత్యధికం ప్రభుత్వ పన్నుల సొమ్ము. అంటే దాతకన్నా ఎక్కువ ఇచ్చింది బాధితులే. పన్నులు కట్టీ బడికి నోచుకోని జనం, బడి కోసం మళ్లీ చందా వేసుకోవడాన్ని చరిత్రకారుడు జేమ్స్ ఆండర్సన్ రెండోసారి కట్టిన పన్నుగా చూశాడు. బడుల పేరు మాత్రం దాతది. అదే సమయంలో ఒక మేలూ ఉంది: ఆ బడులను ప్రభుత్వ విద్యావ్యవస్థకే అప్పగించాలన్న షరతు రోజెన్‌వాల్డ్ పెట్టాడు. దానం ప్రభుత్వ బాధ్యతకు బదులుగా కాక, ప్రభుత్వాన్ని బాధ్యతలోకి లాగే ముడిగా ఉండాలన్న పాఠం అందులో ఉంది.

మన దగ్గర కూడా ఆ పాఠానికి మూలాలున్నాయి. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆది హిందూ పిల్లల కోసం బడులు నడిపాడు. తర్వాత వాటిని నిజాం ప్రభుత్వం స్వీకరించింది. ఆయన ఆ పిల్లలను ‘నిరుపేదలు’ అనలేదు. ఆది హిందువులన్నాడు. పేరులోనే గాయమూ ఉంది, ఆత్మగౌరవమూ ఉంది. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనంతో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ చదివి, ఆ తర్వాత లండన్‌లోనూ చదివి, 1917లో అదే బరోడా కొలువుకు వచ్చారు. తలదాచుకునే గది కూడా దొరకలేదు. పార్శీల సత్రం నుంచి వెళ్లగొట్టారు. వేతనం చదువునిచ్చింది, కులాన్ని ముట్టుకోలేకపోయింది. వ్యక్తికి ఇచ్చే సాయం ఎంత గొప్పదైనా, ఆ వ్యక్తి తిరిగొచ్చే సమాజాన్ని కూడా లెక్కలోకి తీసుకోకపోతే జరిగేదిదే.

ఇక మన వర్తమానానికి వద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు ఎదుర్కొనే అసమానతలను తగ్గించడం కూడా ఒక పనిగా రాసి ఉంది. ఏ రంగానికి ఎంత, ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కంపెనీలు చెబుతాయి. ఏ కులాల పిల్లలకు చేరిందన్నది మాత్రం చెప్పవు. కంపెనీ చట్టం పరిధిలోకి రాని కుటుంబ ట్రస్టుల సంగతి ఇంకా చీకటి. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్ ఏటా తన ఆస్తుల విలువలో కనీసం 5 శాతం పంచాలి; ఏ సంస్థకు ఎంత ఇచ్చిందో పన్ను పత్రంలో పేరు పేరునా చూపాలి; ఆ పత్రాన్ని ఎవరైనా చదవవచ్చు. పన్ను మినహాయింపు అంటే ప్రజల సొమ్మే కాబట్టి ఈ మాత్రం జవాబుదారీతనం అక్కడ తప్పనిసరైంది. మన ట్రస్టులూ పన్ను మినహాయింపు పొందుతున్నాయి. అలాంటి పత్రం మన పాఠకుడి చేతికి అందదు.

లెక్కలు లేవని మాత్రం ఎవరూ అనలేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు షెడ్యూల్డు కులాల్లో సుమారు 39 శాతం, షెడ్యూల్డు తెగల్లో 41 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కాని ఇతరుల్లో 30 శాతం. ప్రభుత్వ సర్వే కులం అడిగింది కాబట్టే ఈ తేడా మనకు తెలిసింది. పోషకాహార కార్యక్రమాలు నడిపే ఫౌండేషన్లు ఇదే సర్వేను తమ నివేదికల మొదటి పేజీలో ఉటంకిస్తాయి. తమ లబ్ధిదారుల పట్టికకు వచ్చేసరికి కులం గడిని తీసేస్తాయి. తెలంగాణ 2024లో ఇంటింటి కులసర్వే చేసింది. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. షెడ్యూల్డు కులాలన్న ఒక్క గడి కూడా చాలదని, ఉపవర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది. ప్రభుత్వం లెక్కిస్తోంది, న్యాయస్థానం విడమర్చి చూడమంటోంది. దాతలు మాత్రం కళ్లు మూసుకోవడమే సమదృష్టి అంటున్నారు.

‘కులం పేరెత్తితే కులం పెరుగుతుంది’ అన్నది ఎప్పుడూ వినిపించే అభ్యంతరం. కులం పేరెత్తి దానం చేయడం మన సమాజానికి కొత్తా? పుణ్యక్షేత్రాల్లో కులానికొక సత్రం ఉంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభం నుంచీ మన పట్టణాల్లో కులానికొక వసతిగృహం వెలిసింది. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. పల్లెల నుంచి వచ్చిన ఎందరో యువకులు అక్కడుండి చదువుకున్నారు, జాతీయోద్యమంలోకీ, తెలంగాణ పోరాటంలోకీ నడిచారు. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. నా ప్రశ్న వేరే. సొంత కులం బిడ్డలకు ఇచ్చేటప్పుడు కులం పేరు గోడ మీద పాలరాతిలో చెక్కించుకోవడానికి లేని సంకోచం, వాడ బిడ్డలకు ఇచ్చేటప్పుడు ఎందుకు పుట్టుకొస్తుంది? తనవారికైతే కులం వారసత్వం. ఎదుటివారికైతే కులం విభజన! ఈ రెండు నాలుకల నీతిని ముందు ఒప్పుకోవాలి. విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లు సొంతూరి హైస్కూలుకు డిజిటల్ బోర్డులు, నీటి శుద్ధి యంత్రాలు పంపుతున్నారు. సంతోషం. ఆ ‘సొంతూరు’లో వాడ ఉందా? నీటి యంత్రం ఏ వీధిలో పెట్టారు, అక్కడికి బిందె తీసుకుని ఎవరు రాగలరు అన్నది ఆ దాతకు తెలుసా?

రెండో అభ్యంతరం: ‘అన్ని కులాల్లోనూ పేదలున్నారు.’ ఉన్నారు. వారికి సాయం అందాల్సిందే. కానీ ఒకే ఆదాయమున్న రెండు ఇళ్లలో ఒకదానికి కొంత భూమి, పట్నంలో బంధువు, అప్పుకు హామీ నిలిచే మనిషి ఉండి, రెండో ఇంటికి ఇవేవీ లేనప్పుడు, ఆదాయ ధ్రువపత్రం ఆ రెంటినీ సమానమని చెప్పడం అబద్ధం. కులం గడి పేదరికాన్ని కొట్టివేయడానికి కాదు, దాన్ని సరిగా కొలవడానికి. అమెరికాలో ఇప్పుడు జాతి పేరు పలకడం చట్టరీత్యా కష్టమవుతోంది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణించడాన్ని కొట్టేసింది. నల్లజాతి మహిళా వ్యాపారులకు గ్రాంట్లిచ్చే అట్లాంటాలోని ‘ఫియర్‌లెస్ ఫండ్’ కోర్టుకెక్కాల్సి వచ్చి, 2024లో ఆ గ్రాంటునే మూసేసింది. మనకా అడ్డంకి లేదు. మన రాజ్యాంగంలోని 15(4), 46 అధికరణలు వెనుకబడిన వర్గాలను, షెడ్యూల్డు కులాలు, తెగలను పేరు పెట్టి మరీ ముందుకు తేవాలంటున్నాయి. అక్కడ చట్టం నోరు మూయిస్తోంది. ఇక్కడ రాజ్యాంగం పలకమంటుంటే దాతలే నోరు మూసుకుంటున్నారు.

కాబట్టి పిల్లల పేరిట, కుటుంబాల పేరిట, సమత పేరిట నిధులిచ్చే ప్రతి సంస్థనూ విద్యార్థులు, ఉద్యమకారులు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఒకటి: మీ లబ్ధిదారుల్లో, మీ ఉద్యోగుల్లో, మీ ట్రస్టీల్లో ఏ కులాలవారు ఎందరు? రెండు: ఎంపిక గదిలో కూర్చునేది ఎవరు? ఆ జీవితం తెలిసినవారు అందులో నిర్ణయాధికారంతో ఉన్నారా, అలంకారానికున్నారా? మూడు: ఏటా ఏ సంస్థకు ఎంత ఇచ్చారో ప్రజల ముందు పెడతారా? నాలుగు: మీ గ్రాంటు ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పిస్తోందా, బాధ్యతలోకి లాగుతోందా? సాంఘిక సంక్షేమ వసతిగృహాల దురవస్థ మీద, ఫీజు బకాయిల మీద ఒక్క మాట మాట్లాడకుండా పదిమంది ప్రతిభావంతులను ఏరుకుని ఫొటో దిగడం సమత కాదు. ఆ పదిమందికి మేలే జరగవచ్చు. మిగిలిన వేలమందికి ‘మీలో ప్రతిభ లేదు’ అన్న తీర్పు కూడా ఆ ఫొటోతోనే అందుతుంది.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఫౌండేషన్ ఇవ్వకపోయినా ఆమె పీజీ పూర్తి చేసింది. ప్రభుత్వ ఉపకార వేతనంతో, అది రాని నెలల్లో తల్లి తెచ్చిన అప్పుతో. ప్రభుత్వ దరఖాస్తులో కులం గడి ఉంది. ధ్రువపత్రం జతచేయమని అడుగుతుంది. ఇచ్చేది తక్కువ, ఇచ్చేది ఆలస్యం. అయినా అక్కడ ఆమె ఎవరి దయకూ పాత్రురాలు కాదు, హక్కుదారు. ఇంటిపేరేమిటి, ఊళ్లో ఎటువైపు అని అక్కడ ఎవరూ దొంగచాటుగా అడగనక్కరలేదు. దాతలు నేర్చుకోవాల్సింది ఆ గడి పెట్టడం. ప్రభుత్వం నేర్చుకోవాల్సింది ఆ గడికి తగ్గ సొమ్మును వేళకు చెల్లించడం. ఈ రెండూ జరగనంత కాలం మన దాతృత్వం ఊరిలోనే తిరిగి ఊరికే చేరుతుంది. వాడ గుమ్మం తొక్కదు.